రంగు కింద ఇనుము

బ్రేకు తొక్కితే
ఎడమ ఇండికేటరు సన్నగా మూలుగుతుంది.
ఇండికేటరు వేస్తే బ్రేకు లైటు కన్ను కొడుతుంది.
ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టే ఇంట్లో
ఏ పనీ తెమలదు.
నా బండి వెనకభాగం అట్లా తయారైంది.

మూడు బల్బులు మార్చాను.
పదిహేను ఆంపుల ఫ్యూజు తీసి ముప్పైది పెట్టమన్నాడు
పక్క బండి బోటెంగ్.
పెట్టలేదు. అంత తెలివితక్కువవాణ్ణి కాను.
నా తెలివితక్కువ పని వేరే ఉంది, చెప్తాను.

కుమాసీలో, సువామే షెడ్ల దగ్గర వాన.
బురద మీద ఆయిలు తేలి
అడుగుకో ఇంద్రధనుస్సు తొక్కుతున్నాం.
అఫ్రియే స్టూలు లాక్కుని
రెండు తీగల చిన్న బల్బుతో కూర్చుంది.
మీటరు లేదా అన్నాను.
"మీటరుకి పన్నెండు వోల్టులు కనబడతాయి.
కనబడితే చాలా? మొయ్యొద్దూ?"

హోల్డరులో గుచ్చింది. చిన్న బల్బు వెలిగింది.
"నీ గుమ్మం దాకా వచ్చి నిలబడింది కరెంటు.
మరి తిరిగి పోయే దారేది?"

ఇరవై రెండేళ్ళుగా తోలుతున్నాను.
కరెంటంటే వచ్చేదనే అనుకున్నాను.
టెకిమాన్ సంతలో యామ్ దుంపలమ్మి
నా బండెక్కే ఆడవాళ్ళలాగా
దానికీ ఇల్లు చేరే తొందర ఉంటుందని,
దారి మూస్తే
పక్కింటి దొడ్లోంచి దూరి
ఇండికేటరు తీగ పట్టుకునైనా పోతుందని
ఎవరు చెప్పారు నాకు?

నల్లతీగ వెంట వేలు పోనిచ్చింది.
చక్రం పైన, రేకు మడతలో
తీగ చివర ఉంగరం, ఉంగరంలో బోల్టు.
బోల్టు పసుప్పచ్చగా మెరుస్తోంది.
"ఈ రంగు ఎవరు వేశారు?"

నేనే. ఈస్టరుకి ముందు.
వెనక తలుపు మీద ఎర్రక్షరాలతో
"దేవుడు చూస్తున్నాడు" అని రాయించి,
తీగలన్నీ ఊడదీసి,
సందుసందుకీ రెండు పూతలు నేనే పూసి,
రంగు మీదే మళ్ళీ బిగించాను.
దేవుడి సంగతేమో గానీ
వెనక వచ్చేవాడికి ఏమీ కనబడలేదు.

ఆఫిన్సో మలుపులో ఒక మోటారుసైకిలు కుర్రాడు
నా తలుపుకి కొట్టుకున్నాడు.
మూడు ట్రేల గుడ్లు రోడ్డు మీద.
"ఆగుతున్నావని నాకెట్లా తెలుస్తుంది?" అన్నాడు.
వాడి కళ్ళనీ, వాణ్ణి కన్నవాళ్ళనీ తిట్టి
బండి కదిలించాను.

కత్తితో గీకింది అఫ్రియే.
పసుపు రాలింది, దాని కింద ప్రైమరు రాలింది,
రూపాయంత మేర తెల్లటి ఇనుము
ఒలిచిన గుడ్డులాగా బయటపడింది.
ఉంగరం పెట్టి బిగించి, గ్రీజు పూసి,
వెనక్కి నడిచి "తొక్కు" అంది.

తొక్కాను.
మన వెనక దీపం మనకు కనబడదు.
అద్దంలో చూశాను: వానగుంట ఎర్రబడింది,
అఫ్రియే మోకాళ్ళు ఎర్రబడ్డాయి.
పాదం తియ్యబుద్ధి కాలేదు.
"చాల్లే, బ్యాటరీ అయిపోతుంది" అంది.

నలభై సెడీలు అడిగింది. బేరమాడలేదు.
సాయంత్రం ఆఫిన్సో మలుపులో
అవసరం లేకపోయినా రెండుసార్లు తొక్కాను.
వెనక ఎవరూ లేరు.
వాడి పేరు కూడా అడగలేదు ఆ రోజు.