అవతలి కూత

మూడింటికి వచ్చిండు ఓదేలు బాపు.
చేతిల సొసైటీ కొటేషను, దాని కింద జంపఖానా నమూనా బొమ్మ.
"కాన్పూరు సేటు ఐదింటి దాకనే చూస్తడట బిడ్డా,
ఆ తర్వాత ఆర్డరు సోలాపూరు దిక్కు మర్లుతదట."

కొత్తవాడల మా గల్లీకి ఫ్యాక్సు మిషను లేదు.
చౌరస్తాల ఉన్నదానికి కాయితం చుట్ట అయిపోయి వారమైంది.
పేజీకి మూడు రూపాయలకు టైపు కొట్టే నాకు
ఇంటి కంప్యూటరు నుంచి ఫ్యాక్సు పంపుడు కూడా వస్తదని
నేనే చెప్పుకున్న, బోర్డు మీద రాయించుకున్న.
ఇప్పటిదాక ఒక్కటి పంపలే.

నంబరు కొట్టిన.
మోడెం గొంతు సవరించుకుంది.
అవతలి నుంచి సన్నగ ఒక కూత,
ఇవతలి నుంచి బొంగురుగ ఒక కూత,
నువ్వెవలంటే నువ్వెవలని అడుక్కునే లోపల
తెగింది.

"ఏమంటాంది?"
"పోలేదంటాంది."
"ఎందుకట?"
"అది చెప్పది బాపు. దానికి పోలేదనుడే వస్తది."

రెండోసారి ముందర సున్నా మర్చిపోయిన.
మూడోసారి అవతల ఎవరో మనిషి ఎత్తి
హలో హలో అని, తిట్టి, పెట్టేసిండు.
నాలుగోసారి సగం పేజీ పోతుంటె
మేడ మీద శకుంతల టీచరు రిసీవరు ఎత్తింది.
ఒకటే లైను, రెండు ఫోన్లు, బిల్లు చెరి సగం.
"అమ్మాయ్, ఇందుల ఏదో పిట్ట చిక్కుకున్నదే!"
మెట్లెక్కి పోయి చెప్పొచ్చిన.
టీచరమ్మ తన ఫోనును జడ రిబ్బనుతోని కట్టేసింది,
తన చెయ్యి మీద తనకే నమ్మకం లేక.

ఐదోసారి
ఎవరూ ఎత్తకుండనే తెగింది.

అప్పుడు లేచిండు బాపు.
"పోగు తెగితే మేం మగ్గాన్ని తిట్టం బిడ్డా.
ఈ కొస నుంచి ఆ కొస దాక చేతితోని పోతం."
కండ్లు మూసుకొని వైరు పట్టుకున్నడు.
కంప్యూటరు వెనక దుమ్ములకెళ్లి,
బియ్యం డబ్బా పక్కపొంటి,
క్యాలెండరు మేకు కింద నుంచి
దర్వాజ కాడ ఆగిండు.
ఎన్నేండ్ల నుంచో తలుపు కొరుకుతున్న చోట
రాగి తీగె వెంట్రుకంత మిగిలి ఉంది.

కొసలు రెండూ దగ్గరికి తెచ్చిండు, అచ్చు అతికినట్టే.
పురి పెట్టేముందు బొటనవేలు
అలవాటుగ బూడిద కోసం పక్కకు పోయి
ఉత్త గచ్చు తాకి వెనక్కి వచ్చింది.

నాలుగున్నర. ఈసారి ముప్పావు పేజీ.
"జర మెల్లగ పోనియ్యరాదు దాన్ని?
అతుకు ఉన్న కాడ ఎవలన్న ఉరుకుతరా?"
సెట్టింగులల్ల వెతికిన. నిజంగనే ఉంది.
పద్నాలుగు వేల నాలుగు వందలు తీసేసి
తొమ్మిది వేల ఆరు వందలు పెట్టిన.

మోడెం కూసింది. అవతలి కూత దానితోని కలిసింది.
తెర మీద ఒక్కొక్క గీత దిగుతుంటె
బాపు పెదవులు కదిలినయి, వరుసలు లెక్కపెడుతున్నట్టు.
పోయింది.

ఐదుకు పది నిమిషాలుందనంగ ఫోను మోగింది. కాన్పూరు.
బొమ్మల అన్నీ నల్లగీతలే ఉన్నయట, రంగులేవట.
ఎరుపు నలుపైపోయింది, నీలం నలుపైపోయింది.
గింత కొట్లాడినం గని
ఈ ముచ్చట మా ఇద్దరిల ఒక్కలకు తట్టలే.

బాపు రిసీవరు అందుకున్నడు.
బొమ్మ నా చేతిలనే ఉంది, ఆయన దాని దిక్కు చూడలే.
"లాల్ చార్. నీలా దో. సఫేద్ ఏక్.
ఫిర్ లాల్ చార్..."
అంచు నుంచి అంచు దాక ఆ కాన్పూరాయన చెవిల
నేసుకుంట పోయిండు,
కుడికాలు మా గచ్చు మీద
లేని తొక్కుడుకర్రను తొక్కుకుంట.

ఐదు దాటింది. సేటు ఇంకా రాసుకుంటనే ఉన్నడు.
మేడ మీద నుంచి టీచరమ్మ:
"రిబ్బను ఇప్పొచ్చునా?"