ముప్ఫై రోజుల కోటు

నెవిల్‌కి ఇచ్చిన కోటు
ఎవరో పొడుగువాడిది.
చేతులు రెండు మడతలు వేసుకుని
పొద్దున్న ఆరుంబావుకి
గోదాము షట్టర్ ముందు నిలబడ్డాడు.
ఛాతీ మీద బిళ్ళలో పేరు లేదు, "ట్రయల్" అని ఉంది.
గ్రిమ్స్‌బీలో ఫిబ్రవరి.
సముద్రం మీంచి వచ్చే గాలి ఎవరి జీతమూ అడగదు,
అందరినీ ఒకేలా కోస్తుంది.

ఇరవై ఆరేళ్ళు చేపలు కోసిన చెయ్యి అది.
కాడ్ చేప వెన్నుముల్లు మీద కత్తి ఎక్కడ ఆగాలో
చీకట్లో కూడా చెప్పగలదు.
ఇప్పుడు కుక్కబిస్కెట్ల డబ్బాలకి
ధరల చీటీలు అంటిస్తోంది.
ఒకటీ తొంభై తొమ్మిది. ఒకటీ తొంభై తొమ్మిది.

"అనుభవం వస్తుంది కదా," అంది
భృతి ఆఫీసులో ఫిలిప్పా, స్క్రీన్ మీంచి కళ్ళు తీయకుండా.
ఆమె మంచిదే. కిందటిసారి టీ ఇప్పించింది.
"వద్దంటే మాత్రం, నేను రాసేదేం ఉండదు,
సిస్టమే రాసేస్తుంది."
సంతకం గడిలో పెన్ను మొదట పలకలేదు.
కాగితం మూల రెండు సున్నాలు చుట్టాక పలికింది.

నెల రోజులు. జీతం లేదు. భృతి ఆగదు.
బస్సు రసీదులు దాచుకోవాలి.
నచ్చితే తీసుకుంటారట.
ఎవరికి నచ్చాలో, ఏది నచ్చాలో
ఫారంలో ఎక్కడా లేదు.
మన దగ్గర దీనికో పాత మాటుంది, రెండక్షరాలది.
మీకు తెలుసు. నేను రాయను.

ఆరో రోజున
కోటు లోపలి జేబులో వేలికి ఒక కాగితం తగిలింది.
రసీదు వెనకవైపు, నలుగురి చేతిరాతలు.
"వెనక తలుపు తొయ్యకు. కాస్త పైకెత్తి లాగు."
"మూడో ట్రాలీకి ఎడమ చక్రం తిరగదు. కొత్తవాళ్ళకి అదే అంటగడతారు."
"కైరన్ అరుస్తాడు. మనసులో పెట్టుకోకు. వాడికీ వారానికి పదహారు గంటలే."
చివరిది ఆకుపచ్చ సిరాలో, గుండ్రటి అక్షరాలు:
"మెట్ల కింద హీటరుంది. ఎవరికీ చెప్పకు."

నెవిల్ తలుపు పైకెత్తి లాగాడు.
వచ్చింది.
ఆ మధ్యాహ్నం మెట్ల కింద కూర్చుని
మోకాళ్ళు వెచ్చబడుతుండగా శాండ్‌విచ్ తిన్నాడు,
ఎన్నడూ చూడని నలుగురి పక్కన.

రెండో వారానికి పని చేతికొచ్చేసింది.
చెయ్యి అంతే. డబ్బొస్తోందో లేదో దానికి పట్టదు.
పెట్టెలు వరస తప్పకుండా పేర్చడం దానికి ఇష్టం.
అందుకే నెవిల్‌కి కోపమొచ్చింది,
కొట్టు మీద కాదు, తన చేతి మీద.

ఇంట్లో మేరియన్ అడిగింది: "ఏమన్నారు?"
"బాగా చేస్తున్నావన్నారు."
"మరి ఎప్పట్నుంచి ఇస్తారట?"
కెటిల్ కూత పెట్టింది.
ఇద్దరూ దానివైపు చూశారు.

ఇరవై తొమ్మిదో రోజున
కైరన్ ఒక అమ్మాయిని తీసుకొచ్చాడు.
టాబిథా. పంతొమ్మిదేళ్ళు. చలికి ముక్కు ఎర్రబడింది.
"కోటు ఒకటే ఉంది, రేపట్నుంచి నీది.
ఇవాళ నెవిల్ నీకన్నీ చూపిస్తాడు."
అని, నెవిల్‌తో, కానీ ట్రాలీవైపు చూస్తూ:
"నీకు... పైవాళ్ళు చెప్పలేదా?"

చూపించాడు.
ధరల గన్ మణికట్టు నొప్పెట్టకుండా ఎలా పట్టుకోవాలో,
బరువు పెట్టెని నడుముతో కాక మోకాళ్ళతో ఎలా ఎత్తాలో.
మూడింటికి ఆ పిల్ల మెల్లగా అడిగింది,
"నిజంగానే తీసుకుంటారా?"
నెవిల్ ఏమీ అనలేదు.
మూడో ట్రాలీని తనవైపు లాక్కున్నాడు.

సాయంత్రం మెట్ల కింద
కాగితం మోకాలి మీద పెట్టుకుని
రెండుసార్లు రాసి కొట్టేశాడు.
మూడోసారి ఇలా మిగిలింది:
"నీ గంటలు నువ్వు రాసిపెట్టుకో. వాళ్ళు రాయరు."
పై నలుగురూ పేర్లు పెట్టలేదు.
ఇతను పెట్టాడు: నెవిల్ ఆష్‌బీ, చేపలు కోసేవాడు.
చేతుల మడతలు విప్పి
కోటు కొక్కేనికి తగిలించాడు.

బస్సెక్కి, అలవాటుకొద్దీ రసీదు అడిగాడు.
ఇక ఎవరికీ చూపించక్కర్లేదని
సీట్లో కూర్చున్నాక గుర్తొచ్చింది.
తిప్పి చూశాడు.
వెనకవైపు ఖాళీగా ఉంది.