దిక్కు మాత్రమే

మొదటి వారం అందరూ శత్రువులే నాకు.
తెర మీద ఆకుపచ్చ గీత జారితే చాలు
టార్పెడో గొట్టం నింపేవాణ్ణి.
అలా ముంచినవాటిలో రెండు చేపల పడవలు,
ఒక ఉప్పు ఓడ,
ఒకసారి, చెప్పడానికి సిగ్గేస్తోంది, తిమింగలం.

కరవాకలో, వైనతేయ సముద్రంలో పడే చోటుకి కాస్త ఇవతల
మూడెకరాల రొయ్యల చెరువు.
గట్టు మీద రేకుల షెడ్డు,
మేతబస్తాల మీద పాత ల్యాప్‌టాప్,
ఎడమ చెవిలో గురకపెట్టే హెడ్‌ఫోన్స్.
రాత్రి పదినుంచి ఆరుదాకా
మెలకువగా ఉన్నందుకే నాకు జీతం.

నీళ్లలో మోత దిక్కు చెబుతుంది.
దూరం చెప్పదు.
ఈ ఒక్క ముక్క బుర్రకెక్కడానికి పదిహేను రాత్రులు పట్టింది.
సన్నగా వినిపించేది దూరాన ఉన్న పెద్దదో,
పక్కనే ఉన్న చిన్నదో.
తేలాలంటే నువ్వే కదలాలి.
చుక్కాని తిప్పి, అడ్డంగా కొంత సాగి,
మళ్లీ చెవి ఒగ్గి,
దిక్కు ఎంత జరిగిందో గీసుకోవాలి.
నేను మేత లెక్కల పుస్తకం చివరి పేజీల్లో గీశాను.
ఓనరు కనకరాజు గారు చూసి
"ఏంట్రా, కొత్త చెరువుకి ప్లానా?" అన్నారు.

గట్టిగా ఒక్క కేకేస్తే దూరం కూడా తేలిపోతుంది.
కానీ చీకట్లో టార్చి వేసినవాడే ముందు కనపడతాడు.
చెరువు దొంగల్ని కాసినవాడికి
ఇది ఇంకొకరు నేర్పక్కర్లేదు.

ప్రతి చప్పుడికీ ఒక నంబరు ఇస్తాం.
ఇవ్వకపోతే మళ్లీ వచ్చినప్పుడు గుర్తుపట్టలేం.
ఒక్కోసారి ఒకే ఓడ రెండు నంబర్లతో తిరుగుతుంది,
రెండు రేషన్ కార్డుల్లో మా చినమావయ్యలా.
రెక్కలు లెక్కపెట్టాలి:
నాలుగైతే సరుకు ఓడ,
ఏడైతే ఊపిరి బిగబట్టు.
అడుగున ఎప్పుడూ చిటపట, పోపులో ఆవాలు పేలినట్టు.
హెడ్‌ఫోన్స్ పాడైపోయాయనుకున్నాను చాన్నాళ్లు.
రొయ్యలట, సముద్రపు రొయ్యలు.
నా కాళ్ల దగ్గర నాలుగు లక్షలున్నాయి,
ఒక్కటీ నోరు విప్పదు.

అమావాస్య వెళ్లిన మూడో రాత్రి
నాలుగు నంబర్లు పట్టుకుని కూర్చున్నాను.
నాలుగోది సన్నబడి, సన్నబడి, లేదు.
వినపడనిది వెళ్లిపోయినట్టు కాదు,
చివరిసారి ఉన్న చోటు గుర్తుపెట్టుకో
అని నాకు నేనే చెప్పుకుంటూ
చెమట తుడుచుకోవడానికి హెడ్‌ఫోన్స్ తీశాను.

బయట రాత్రి పలచబడి ఉంది.

ఆరు ఏరేటర్లు తిరగాలి.
రెండోది దగ్గుతుంది.
మూడు, నాలుగు ఒకే శ్రుతి.
ఆరోది కొత్త గేరుబాక్సు, కిమ్మనదు.
కళ్లు మూసుకుని విన్నాను.
గట్టు మీద అడ్డంగా ఇరవై అడుగులు నడిచి
మళ్లీ విన్నాను.
ఐదోది.

తాతారావుని కేకేశాను.
స్విచ్ కట్టేసి, థర్మోకోల్ తెప్ప మీద వెళ్లి చూస్తే
రెక్కలకి చుట్టుకుని ఎవరిదో తెగిన వల తాడు.
చుట్టూ నీటి పైకి వచ్చి
గాలికోసం తారాడుతున్న మీసాలు.
కొడవలితో కోస్తుంటే
నా చెయ్యి కూడా కాస్త తెగింది. ఆ సంగతి తెల్లారాక తెలిసింది.
ఐదోది మళ్లీ నీళ్లు కొట్టింది.

షెడ్డులోకొస్తే తెర ఎర్రగా ఉంది.
పాజ్ నొక్కడం మర్చిపోయాను.
నాలుగోది ఎక్కడికీ పోలేదు,
ఇంజన్లు ఆపుకుని
అంతసేపూ నన్నే వింది.

మూడున్నరకి రేవులో మోటారు పడవ లేచింది.
"ఎవరిదంటావ్?" తాతారావు బీడీ ముట్టించాడు.
"రెండు రెక్కలు, ఒకటి వంకర.
దక్షిణంగా పోతోంది. దూరం మాత్రం..."
"దూరమెందుకయ్యా, అది మా బావది.
ఇరవై వేలు బాకీ నాకు.
నా షెడ్డు దాటేదాకా
ఇంజను అలాగే మెల్లగా తోలతాడు."