గడి

రాయగడ కాగితం మిల్లులో
రీములు కట్టే పని నాది.
ఇంత కాగితంలో
మా గుంటకి జ్వరమని రాయడానికి
ఒక్క గడి లేదు.

రోజూ ఆరింటి సైరన్‌కి
రాత్రి డ్యూటీ దిగిన కూర్మయ్యకి
గేటు దగ్గరే పిల్లని అందిస్తాను,
ఈ మూడ్రోజులూ తడిగుడ్డతో, సగం సిరప్పు సీసాతో.
మందెన్నింటికి వేశానో
నా అరచేతిలో పెన్నుతో ఉంటుంది,
తన అరచేతికి ఎక్కించుకుంటాడు.
ఇవాళ అతన్ని వదల్లేదు, డబల్ డ్యూటీ.

"జ్వరం నీకా?" పాత్రో బాబు ఒడియాలో అడిగాడు.
"పోలమ్మకి."
"పోలమ్మ మిల్లులో పనిచేస్తోందా?"

ఫారం లాక్కుని నా పేరే రాశాను.
జ్వరం: నూట మూడు.
భుజమ్మీద పిల్ల కాలుతోంది,
నా మెడా కాలుతోంది,
అబద్ధమేటి?

బాబు నా నుదురు ముట్టుకోలేదు.
'జీతం కోత' అని రాయడానికి
మార్జిన్లో చోటు దొరికింది.