పావు తిప్పు

మొదటి స్టడ్డు నేనే విరగ్గొట్టాను.
విరిగే ముందు ఒక్క క్షణం మెత్తబడింది,
వెన్నలో గరిటె తిరిగినట్టు.
ఆ మెత్తదనాన్ని గెలుపనుకున్నాను.

డెబ్బయ్యొకటో మోడలు బుల్లెట్టు,
పెరవలి కంపౌండరు దగ్గర కొన్నది,
టాంకు మీద ఎర్ర ప్లస్సు గుర్తు ఇంకా పూర్తిగా పోలేదు.
మార్టేరు కాలవగట్టు షెడ్డులో
కిరసనాయిల్లో కడిగిన నట్లన్నీ
పాత ఇడ్లీ రేకుల్లో కూర్చున్నాయి,
ఏ గుంటలోది ఆ స్టడ్డుకే.

వరహాలమ్మ తిట్టలేదు.
కేసులో ఇరుక్కున్న మొండెం బయటికి తియ్యడానికి
రెండు రోజులు పట్టింది.
విరిగిన ముక్క అరచేతిలో వేసుకుని
మెడ సన్నబడిన చోటు చూపించింది.
"ఇక్కడ సాగిందండి. మీకు చెప్పింది. మీరు వినలేదు."

వాళ్ళ నాన్న కాకరపర్రు లాకుల్లో లస్కరు.
షట్టరు ఎత్తాలంటే రెండు పక్కలా రెండు మరలు,
అటొకడు, ఇటొకడు.
ఒకడు ఆత్రపడి నాలుగు చుట్లు ముందు తిప్పాడా,
షట్టరు ఓరగిలి గాడిలో పట్టేసేది.
ఇక కాలవంతా వచ్చి తోసినా కదిలేది కాదట.
"అందుకే అరిచేవాడండి, గట్టు దద్దరిల్లేలాగ:
పావు తిప్పూ... అవతలోడా, నువ్వు పావు తిప్పూ..."

ఆవిడ అరవదు.
గుడ్డతో మర మరా తుడుస్తుంది.
ఇసక రేణువుంటే నట్టు అబద్ధమాడుద్దంట:
బిగిసినట్టు నటిస్తుంది, బిగవదు.
ఒక్క చుక్క ఆయిలు. రెండో చుక్క వద్దు.
అన్నీ వేళ్ళతో, ఆగేదాకా.
అప్పుడు ఇటు కాస్త, దానికి మూలగా అటు కాస్త,
కావిడికి రెండు పక్కలా బరువు సర్దినట్టు.
మొదటి దఫా సగం కూడా కాదు.
రెండో దఫాకి హెడ్డు రేకు మీద కుదురుకుంది.
మూడోదానికి టార్క్ రెంచి నా చేతికిచ్చింది.

"తెగేదాకా లాగొద్దంటారు కదా" అన్నాను.
"అంటారండి. ఎక్కడ తెగుద్దో మట్టుకు ఎవరూ చెప్పరు.
ఇదొక్కటే చెబుద్ది."

అవతల గట్టున నీళ్ళ మోటారు ఆగింది.
కుదుపు లేకుండా లాగాను,
పిల్లాడి పాలపన్ను కదిపి చూసినట్టు.
టిక్.
ఇంకొంచెం, అంది నా భుజం.
ముప్పయ్యేళ్ళుగా అదే అంటోంది:
కుళాయిల మీద, పచ్చడి సీసా మూతల మీద,
పొలం గట్టు దగ్గర మా తమ్ముడితో మాట మీద.
చెయ్యి తీసేశాను.

సాయంత్రం ఆరో కిక్కుకి
దగ్గి, దగ్గి, అందుకుంది.
టీ కొట్టులో గ్లాసులు గలగలమన్నాయి.
కాస్త వేడెక్కనిచ్చి, నేను మురుస్తుండగానే ఆవిడ ఆపేసింది.
"రాత్రంతా చల్లారనివ్వండి.
వేడి తగిలితే కొత్త రేకు కాస్త కుంగుద్ది.
పొద్దున్న మళ్ళీ, అదే వరసలో."

పొద్దున్న రెండో నట్టు
గోరంత కదిలింది.
మిగతావి కదల్లేదు.