పొడుగు కొమ్ము

మా ఓడ తెల్లది.
నడుముకి అడ్డంగా నారింజ పట్టీ, పక్కన సన్నటి నీలం గీత.
తెలుపెందుకంటే
మునిగేవాడికి దూరం నుంచే కనపడాలి.

యుద్ధం వైపు వెళ్ళమన్నాక
కనపడకూడదన్నారు.
విశాఖ రేవులో నాలుగు రోజులు
బూడిద రంగు కొట్టాం.
రోలరు తిప్పుతూ అనుకున్నా,
ఆటోనగర్లో నాగూర్ బాబాయి చూస్తే తిడతాడని.
"పాత పొర గోకకుండా కొత్తది వేస్తే
ఎండకి లేస్తదిరా ఏసుపాదం,
లేచి నిన్నే అడుగుద్ది."

లేచింది.
పదకొండో రోజుకే లంగరు పక్కన పెచ్చులు,
లోపల్నుంచి తెలుపు.

యుద్ధం మాది కాదు.
ఎవరిదో సరిగ్గా తెలియదు కూడా.
సరుకు ఓడలకి తోడెళ్ళడం మా పని,
చెల్లెల్ని బడి దాకా దింపే అన్నలాగా.
కొన్ని రాత్రులు ఆకాశం అంచున
ఎవరో కొలిమి ఊదినట్టు వెలుగు.
చప్పుడు మాత్రం వచ్చేది కాదు.

అర్ధరాత్రి నుంచి నాలుగింటి దాకా కాపలా.
రాడారు మీద ఆకుపచ్చ చుక్క,
చేపల పడవో, చావో,
దగ్గరికొస్తే గాని చెప్పదు.
మంచినీళ్ళు మనిషికి బకెట్టున్నర.
కృష్ణలంకలో పుట్టినోణ్ణి,
వరదలో మంచం కింద చెప్పులు తేలడం చూసినోణ్ణి,
సబ్బు నురగ ఒంటి మీదే ఆరిపోతే
ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది.

ఆదివారం మూడు నిమిషాల ఫోను.
అందరూ ఇళ్ళకి చేసుకునేవాళ్ళు.
నేను షాపుకి చేసేవాణ్ణి.
"బ్యారేజీ గేట్లు ఎన్ని ఎత్తారు బాబాయ్?"
"ఇరవై. నీకెందుకురా,
నీ చుట్టూ ఉన్నది చాల్లేదా?"
వెనక కంప్రెసరు మోత, ఎవడో రేకు సాపు చేస్తున్న సుత్తి దెబ్బలు.
ఇంజను చప్పుడు మీద ఆ చప్పుడు
దుప్పటిలా కప్పుకుని పడుకునేవాణ్ణి.

ఒక తెల్లారుజామున కనపడింది
లైఫ్‌బోటు.
మనుషుల్లేరు.
ఒక చెప్పు, సగం సీసా నీళ్ళు,
తాడు చివర ముడి జాడ.
తెగింది కాదు, విప్పింది.

పక్కన పేరు రాసుంది. ఏ భాషో.
అక్షరం తెలియదు నాకు, చెయ్యి తెలుస్తుంది.
అచ్చుపెట్టి కొట్టింది కాదు, కుంచె రాత.
చివరి అక్షరానికి మన కొమ్ము లాంటిది
అవసరానికి మించి జానెడు లాగాడు,
కుంచెలో రంగు మిగిలితే
తుడిచెయ్యబుద్ధి కాక లాగినట్టు.

ఖాళీ పడవ వదిలేస్తే దారికి అడ్డం,
చీకట్లో ఇంకో ఓడకి తగులుతుంది.
ముంచెయ్యమన్నారు.
ఏడు నెలల్లో మా తుపాకి పేలింది
ఆ పొద్దునే, దాని మీదే.

మునగదు.
మునక్కుండా చేసిన వస్తువు,
దాని పని అది చేస్తోంది.
యాభై గుళ్ళు. అరవై.
ఒళ్ళంతా చిల్లులు పడి, ఓ పక్కకి ఒరిగి,
పేరు మా వైపు తిప్పుకుని
చాలాసేపు తేలింది.
గన్నరు తంగవేలు టోపీ తీసి తల గోక్కున్నాడు.
ఎవరం ఎవరి మొహం చూళ్ళేదు.
టిఫినుకి ఉప్మా.
తిన్నాం.

తిరిగొచ్చాక మళ్ళీ తెల్ల రంగు.
ఈసారి పాత పొర మొత్తం గోకాను,
చేతులు బొబ్బలెక్కేదాకా.
ఎవరూ గోకమన్లేదు.

ఇప్పుడు ఆటోనగర్లో
లారీలకి పేర్లు రాస్తాను.
బాబాయికి చెయ్యి వణుకు,
స్టూలు మీద కూచుని తప్పులు పడతాడు.
నిన్న గన్నవరం బండి. ఓనరు కూతురి పేరంట, ఇందు.
రాసి కిందకి దిగాను.
"ఏంటి మేస్త్రీ, కొమ్ము అంత దూరం పోయింది?"

చెరపమంటే చెరుపుతానన్నా.
గుడ్డ కిరసనాయిల్లో ముంచా కూడా.
బాబాయి ఏమీ అనలేదు.
అతను రోడ్డు మధ్య దాకా వెనక్కి నడిచి,
ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి,
"ఉండనీలే" అన్నాడు,
"దూరం నుంచి కనపడుద్ది."