గుడ్డ కుక్కిన ట్రాంబోన్

మెంఫిస్‌లో ఆ ఆగస్టు
నా పని గడ పట్టుకుని నిలబడటం.
గడ చివర మైకు, చెవులకి రెండు డిప్పలు.
మూతపడ్డ డాన్సు హాలుకి రంగులేసి, అద్దాలు తుడిచి
పంతొమ్మిదివందల ముప్పై తొమ్మిదిని
పదకొండు రోజులకి అద్దెకి తెచ్చారు.

తెర మీద ఎప్పుడైనా
హీరో హీరోయిన్ చెవిలో ఏదో చెబుతుంటే
వెనకాల వంద జంటలు గిరగిరా తిరుగుతుంటే
గుర్తుపెట్టుకోండి,
అక్కడ పాట లేదు.
పాట తర్వాత వస్తుంది, ఇంకో ఊర్నుంచి, డబ్బాలో.
అప్పటికి ఉన్నదల్లా
జోళ్ల అడుగున జిగురుతో అంటించిన ఉన్నిగుడ్డ,
పెదాలు దాటనివ్వని ఆయాసం,
కెమెరా పక్కన ఒకడు
వెలిగించి ఆర్పే ఎర్రదీపం.
ఒకటీ రెండూ మూడూ నాలుగూ
దాన్ని చూసే ఎగరాలి.
దాన్ని చూసే నవ్వాలి.

బ్యాండులో మూడో కుర్చీ లెమ్యూల్ టాల్బర్ట్‌ది.
డెబ్బై నాలుగేళ్లు. మోకాళ్ల దగ్గర కర్పూరతైలం వాసన.
ఆ హాల్లోనే, ఆ ఏడే,
నిజంగా ఊదినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే.
అందుకే పిలిచారు.
పిలిచి, పొరపాటున మోగుతుందేమోనని
ట్రాంబోన్ గొంతులో తువ్వాలు కుక్కారు.
"ఊరికే ఆడించండి చాలు" అన్నాడు సామాన్ల కుర్రాడు.
లెమ్యూల్ ఏమీ అనలేదు.
బయటికి వేలాడుతున్న తువ్వాలు కొసని
పెళ్లికొడుకు జేబురుమాల్లా మడిచి లోపలికి సర్దాడు.

ఒడెస్సా మాబ్రీని అమ్మాయిలకి అడుగులు నేర్పడానికి తెచ్చారు.
"తప్పులేమైనా ఉంటే చెప్పండి"
డైరెక్టర్ మర్యాదకి అడిగాడు.
ఆమె నేలంతా కలయజూసింది.
"తాడేది?"
"ఏ తాడు?"
"ఈ గోడ నుంచి ఆ గోడకి. నడుమెత్తున.
అటు తెల్లవాళ్లు, ఇటు మేము.
రాత్రి ముదిరేకొద్దీ
మోచేతులు తగిలి తగిలి వదులై జారేది.
మళ్లీ బిగించడానికి ఒక మనిషి,
వాడికి జీతం కూడానూ."
డైరెక్టర్ కాగితాలు తిరగేశాడు.
తాడు స్క్రిప్టులో లేదు.
షాటుకి అడ్డం కూడా.

ఏడో టేకు.
దీపం మిణుక్కుమంది.
నా చెవుల్లో ఆ చప్పుడు ఇంకా ఉంది:
ఎక్కడో పక్కింట్లో పత్తి ఏకుతున్నట్టు
రెండొందల జతల పాదాలు.
పైన హీరో గుసగుస.
కింద, చాలా కింద,
తువ్వాల్లోంచి వడగట్టుకుని వస్తున్న ఒక ఊపిరి.

లెమ్యూల్ ఊదుతున్నాడు.
గొట్టం ముందుకి, కాస్త వెనక్కి, మళ్లీ బారెడు ముందుకి.
దీపం లెక్కకి కాదు. దానికి రవ్వంత ఆలస్యంగా,
ఎంత వెనకబడితే అందమో
తెలిసినవాడి తీరులో.

కోట్లు తగిలించే బల్ల దగ్గర ఒడెస్సా
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
భుజాలు అదురుతున్నాయి.
ఏడుస్తోందనుకుని మేకప్ పిల్ల
టిష్యూలు పట్టుకుని పరిగెత్తింది.

కట్ చెప్పాక అడిగాను.
"గొట్టం చదవడం నాకొచ్చు" అంది, కళ్లు తుడుచుకుంటూ.
"ఓనరు జీతాలు ఎగ్గొట్టిన రాత్రి
బ్యాండంతా కలిసి ఒక పాట ఎత్తుకునేది.
అందులో ఏముందో మాకు తెలుసు. వాడికి తెలీదు.
పైగా ముందు బల్ల దగ్గర కూచుని
వేళ్లతో తాళం వేసేవాడు, పాపం."

సినిమా వచ్చింది. డబ్బిచ్చే చూశాను.
ఆ చోట డబ్బాలోంచి తీసిన పాట,
వెన్న రాసినట్టు, వయొలిన్లతో సహా.
తాడు లేని నేల తళతళలాడుతోంది.
గొట్టం ఒకటి చెబుతోంది, పాట ఇంకొకటి.
హాల్లో ఎవరూ కదల్లేదు.
నాలుగు సెకన్లు.
తర్వాత హీరోయిన్ కన్నీటిచుక్క, తెర నిండా.

మా చెక్కులు క్రిస్మస్ దాటాక వచ్చాయి.
ఆగస్టులోనే, ఏడో టేకులోనే
ఆయనకెలా తెలిసిందో.